వృద్ధుల్లో డెలీరియం: రక్త పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

తుంటి ఎముక ఆపరేషన్ తర్వాతనో, న్యుమోనియాతో వార్డులో ఉండగానో 70 ఏళ్లు దాటిన వ్యక్తి ఉన్నట్టుండి అయోమయంలో పడితే (దీన్నే డెలీరియం అంటారు), కుటుంబ సభ్యులు మొదట అడిగేది రక్త పరీక్షలో ఏం వచ్చిందని. ఆ ప్రశ్న సహజమైనదే గానీ, దాని వెనుక ఉన్న కొన్ని నమ్మకాలను సరిచూసుకోవలసిన అవసరం ఉంది.

అపోహ: డెలీరియంను రక్త పరీక్షతో నిర్ధారించవచ్చు.

వాస్తవం: అటువంటి పరీక్ష నేటికీ లేదు. సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6, ఎస్100బీ, న్యూరోఫిలమెంట్ లైట్ వంటి సూచికల (మొదటి రెండూ ఒంట్లో వాపును, తర్వాతి రెండూ మెదడు, నాడుల దెబ్బను సూచించే పదార్థాలు) రక్తంలోని సగటు స్థాయులు డెలీరియం వచ్చినవారిలో ఎక్కువగా ఉన్నట్టు అనేక అధ్యయనాలు చూపిన మాట నిజమే. అయితే రెండు సమూహాల సగటుల మధ్య తేడా ఉన్నంత మాత్రాన, ఎదురుగా మంచంపై ఉన్న ఒక్క మనిషికి డెలీరియం ఉందో లేదో ఆ అంకె తేల్చలేదు. పెద్ద ఆపరేషన్ జరిగిన ఎవరికైనా సీఆర్‌పీ రెండు మూడు రోజుల్లో గరిష్ఠానికి చేరుతుంది; డెలీరియం తరచుగా బయటపడేదీ ఆ రోజుల్లోనే కాబట్టి, రెంటినీ ముడిపెట్టాలన్న తొందర కలుగుతుంది. ఎస్100బీ మెదడు నుంచే కాక కొవ్వు కణజాలం నుంచి కూడా రక్తంలోకి వస్తుంది. న్యూరోఫిలమెంట్ లైట్ వయసుతోనూ, మూత్రపిండాల పనితీరు తగ్గినప్పుడూ పెరుగుతుంది.

నిర్ధారణ జరిగేది రోగి మంచం పక్కనే. షారన్ ఇనోయె బృందం 1990లో ప్రచురించిన, డెలీరియంను గుర్తించే క్యామ్ పద్ధతి గానీ, కొద్ది నిమిషాల్లో ముగిసే 4ఏటీ అనే చిన్న పరీక్ష గానీ ప్రధానంగా చూసేవి ఏకాగ్రత దెబ్బతిన్నదా, మార్పు హఠాత్తుగా వచ్చిందా అన్నవే. 4ఏటీలో డిసెంబరు నుంచి నెలలను వెనక్కి చెప్పమంటారు. చైత్ర వైశాఖాలతోనే కాలాన్ని లెక్కించిన పెద్దావిడను ఆ ప్రశ్న అడిగి తప్పిందనడం న్యాయం కాదు. ఆదివారం, శనివారం అంటూ వారాల పేర్లను వెనక్కి చెప్పించడం మేలని నా అభిప్రాయం.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్ అయితే అది వయసు ప్రభావమే.

వాస్తవం: మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి, నిద్రలేమి, ఇంట్లో మరచిపోయిన కళ్లజోడు లేక వినికిడి యంత్రం ఏ రక్త పరీక్షలోనూ కనిపించవు. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, నిద్రకు వాడే ఆల్ప్రజోలం వంటి మందుల ప్రభావమూ అంతే.

దీని అర్థం రక్త పరీక్షలు వృథా అని కాదు. డెలీరియం ఉందని తేలాక దానికి కారణాన్ని వెతకడంలో వాటికి సాటి లేదు. గ్లూకోజ్ పడిపోవడం, కాల్షియం పెరగడం, యూరియా పెరగడం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వెంటనే పట్టుకోవలసిన విషయాలు. బీపీకి థయజైడ్ మాత్రలు వాడేవారిలో సోడియం తగ్గడం తరచుగా చూస్తాం. అక్కడ అంకెతో పాటు అది ఎంత వేగంగా పడిందన్నదీ ముఖ్యమే. దీర్ఘకాలంగా తక్కువగా ఉన్న సోడియంను తొందరపడి పెంచితే మెదడుకు మరో రకమైన హాని జరుగుతుంది.

అపోహ: మూత్రంలో బాక్టీరియా కనిపించింది కాబట్టి కారణం దొరికినట్టే.

వాస్తవం: ఏ లక్షణమూ లేని వృద్ధుల మూత్రంలో కూడా, ముఖ్యంగా స్త్రీలలో, బాక్టీరియా ఉండడం సాధారణం. జ్వరం, మంట వంటివేవీ లేకుండా ఆ ఒక్క రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మొదలుపెడితే, అసలు కారణాన్ని వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

అపోహ: సీఆర్‌పీ దిగింది కాబట్టి మనిషి కూడా మామూలైపోవాలి.

వాస్తవం: ఇన్ఫెక్షన్ తగ్గిన తర్వాత కూడా డెలీరియం రోజులు, వారాలు, కొందరిలో నెలలపాటు కొనసాగవచ్చు. పైగా గొడవ చేయకుండా మగతగా పడి ఉండే రకాన్ని కోలుకోవడంగా పొరబడే ప్రమాదం ఉంది. ఈ రకాన్నే వైద్యులమైన మేము ఎక్కువగా గుర్తించలేకపోతాం. అందువల్ల, నిన్నటి వరకూ మనిషి ఎలా మాట్లాడేవారో, ఏయే మాత్రలు వేసుకునేవారో ఇంటివారు చెప్పే వివరాలను కేస్ షీట్‌లో మొదటి రోజే రాసి ఉంచాలి.