440వ స్థానం: విశాఖను కుదిపిన మార్పు, అన్ని రకాలకూ ఒకే టీకా వివాదం

కరోనా రకాలన్నిటికీ ఒకే టీకా అనే ఆశ మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఇప్పటి చర్చకు మూలం 2025లో అమెరికా ఆరోగ్య శాఖ మూడు నెలల తేడాతో తీసుకున్న రెండు నిర్ణయాలు. మే 1న ఆ శాఖ ‘జనరేషన్ గోల్డ్ స్టాండర్డ్’ పేరుతో 50 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ప్రకటించింది. వైరస్‌ను మొత్తంగా రసాయనంతో నిర్వీర్యం చేసి టీకాగా వాడే పాత పద్ధతిలోనే ఫ్లూ, కరోనా కుటుంబాలకు సార్వత్రిక టీకాలు తయారు చేయడం దాని లక్ష్యం. ఆగస్టు 5న, దాదాపు అంతే విలువైన 22 ఎంఆర్‌ఎన్‌ఏ (వైరస్‌కు బదులు దాని ప్రోటీన్ తయారీ సూచనను శరీరానికిచ్చే కొత్త పద్ధతి) టీకా ప్రాజెక్టులను ఆపేస్తున్నట్టు మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్ ప్రకటించారు. వైరస్ మారినా పనిచేసే విస్తృతమైన టీకాల వైపు ఆ నిధులను మళ్లిస్తామన్నది ఆయన వాదన. ఆనాటి నుంచి చర్చ అంతా ఏ పద్ధతి మంచిదన్న దాని చుట్టూనే తిరుగుతోంది. టీకా వైరస్‌లోని ఏ భాగానికి గురిపెట్టాలన్న అసలు ప్రశ్న వెనకబడింది.

వూహాన్ నుంచి మొదలయ్యే కథ పాఠకులకు కంఠతా వచ్చినదే కనుక ఇక్కడ వదిలేస్తున్నాను. గురి సంగతి అర్థం కావాలంటే 2021 మే మొదటి వారంలో విశాఖపట్నం చుట్టూ రేగిన దుమారాన్ని గుర్తు చేసుకుంటే సరిపోతుంది.

ఆ ఏప్రిల్ నెలాఖరున హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ పరిశోధకులు, ఇతర శాస్త్రజ్ఞుల సమీక్షకు ఇంకా వెళ్లని ఒక పత్రాన్ని బయటపెట్టారు. ఎన్440కె అనే జన్యు మార్పు ఉన్న కరోనా వైరస్, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో, అంతకు ముందు వ్యాప్తిలో ఉన్న ఒక రకం కంటే 10 రెట్లు ఎక్కువగా వృద్ధి చెందిందని అందులో రాశారు. గాజు పాత్రలోని కణాల లెక్క అది. కొద్ది రోజుల్లోనే అది వార్తల్లో ‘15 రెట్లు ప్రమాదకరమైన ఏపీ స్ట్రెయిన్’ అయి కూర్చుంది. కొందరి నోట ‘విశాఖ వేరియంట్’గా కూడా మారింది. విశాఖ ఆస్పత్రులైన కేజీహెచ్‌లోనూ విమ్స్‌లోనూ పడకల కోసం జనం అల్లాడుతున్న రోజులవి కావడంతో ఆ పేరును నమ్మడానికి ఎవరికీ పెద్దగా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవారు 14 రోజులు ప్రభుత్వం చూపిన చోట క్వారంటైన్‌లో ఉండాలని ఆదేశించింది. రెండు డోసులు పూర్తయినవారికి, 72 గంటల లోపు నెగెటివ్ రిపోర్టు తెచ్చుకున్నవారికి మాత్రం ఇంట్లోనే ఏడు రోజులు ఉండే వెసులుబాటు ఇచ్చింది. అంతకు సరిగ్గా పక్షం రోజుల ముందు, ఏప్రిల్ 22 రాత్రి, దేశంలోని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏడు ట్యాంకర్లలో ద్రవ ఆక్సిజన్ నింపుకొని మహారాష్ట్రకు బయలుదేరింది ఈ ఊరి ఉక్కు కర్మాగారం నుంచే. ఊపిరి పంపిన ఊరికి రోగం అంటగట్టారన్న బాధ విశాఖవాసుల్లో చాలామందికి ఇంకా పోలేదు.

ఈ రకం అసలు ప్రబలంగా ఉందా లేదా అన్నదే అప్పటి తగాదా. ఉందన్నవారు ఆస్పత్రుల్లో రోగుల పరిస్థితి ఎంత వేగంగా విషమిస్తోందో చూపించారు. లేదన్న రాష్ట్ర ప్రభుత్వం, సీసీఎంబీ శాస్త్రజ్ఞులు జన్యుక్రమ పరీక్షల ఫలితాలు చూపించారు: ఎన్440కె అప్పటికే తగ్గుముఖం పట్టింది, దాని స్థానాన్ని బి.1.617 కుటుంబం, అంటే తర్వాత డెల్టాగా పేరు పొందిన రకమూ దాని దాయాదులూ ఆక్రమిస్తున్నాయి. ఈ గొడవ రాజకీయాల్లోకి కూడా పాకి, అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడిపై కర్నూలులో కేసు నమోదు కావడం దాకా వెళ్లింది. శాస్త్రజ్ఞుల మాటే నిజమైంది. డెల్టా ముందు ఎన్440కె నిలవలేదు, ఢిల్లీ ఆంక్షలూ కాలగర్భంలో కలిశాయి, విషయం అంతటితో ముగిసిందని అందరూ అనుకున్నారు.

కానీ ఆ మార్పు ఎక్కడ జరిగిందో ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. కరోనా వైరస్ జన్యుక్రమం దాదాపు 30 వేల అక్షరాల పొడవు. అందులో 22,882వ అక్షరం ‘యు’ ఉండవలసిన చోట ‘జి’ పడితే, వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌లోని 440వ స్థానంలో ఆస్పరాజిన్‌కు బదులు లైసిన్ అనే అమైనో ఆమ్లం వచ్చి చేరుతుంది. ఎన్440కె అంటే ఇంతే. స్పైక్‌లో ఉండే 1,273 అమైనో ఆమ్లాల్లో సుమారు 319 నుంచి 541 దాకా ఉన్న భాగం మన కణాలను పట్టుకునే కొక్కెం వంటిది. టీకా వేసుకున్నవారి శరీరంలో తయారయ్యే బలమైన యాంటీబాడీల్లో అధిక భాగం ఆ కొక్కేన్నే ఒడిసిపడతాయి. 440వ స్థానం వాటిలో కొన్ని వాలే చోటు. అక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే ఆ యాంటీబాడీల పట్టు సడలుతుంది.

ఏడు నెలలు తిరిగేసరికి 2021 నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్‌ను ఆందోళనకర రకంగా ప్రకటించింది. దాని స్పైక్‌లో 30కి పైగా మార్పులుంటే, కొక్కెం భాగంలోనే 15 ఉన్నాయి. ఆ పదిహేనింటిలో ఎన్440కె ఒకటి. ఆ మరునాడు, నవంబరు 27న, ఐర్లండ్ నుంచి ముంబయి మీదుగా ఒక ప్రయాణికుడు విశాఖ చేరాడు. తర్వాత విజయనగరంలో చేసిన పరీక్షలో అతనికి పాజిటివ్ వచ్చింది. సీసీఎంబీకి పంపిన నమూనా ఒమిక్రాన్‌గా తేలి, డిసెంబరు 12న అది రాష్ట్రంలో తొలి ఒమిక్రాన్ కేసుగా నమోదైంది. మే నెలలో ఈ నేల మీద పుట్టిందన్న అపవాదు మోసిన మార్పు, నవంబరు నెలాఖరులో వేరే ఖండపు వైరస్ ఒంటి మీద విమానం దిగివచ్చిందన్నమాట.

నా దృష్టిలో మలుపు ఇదే. రెండు ఖండాల్లో, రెండు వేర్వేరు వంశాల్లో, వైరస్ విడివిడిగా అదే అక్షరాన్ని మార్చుకుంది. అంటే జనంలో రోగనిరోధకత పెరిగేకొద్దీ అది తప్పించుకోవడానికి వెతికే సందులు కొన్ని ముందే నిర్ణయమై ఉన్నాయి. కొక్కెం పైభాగానికే గురిపెట్టిన టీకాను ఎంత వేగంగా సవరించినా వైరస్ ఒక అడుగు ముందే ఉంటుంది. జరిగిందీ అదే. 2022 ఆగస్టు చివర అమెరికా రెండు రకాలను కలిపిన బూస్టర్‌కు అనుమతి ఇచ్చింది, 2023లో ఎక్స్‌బీబీ.1.5కు, 2024లో జేఎన్.1, కేపీ.2లకు, 2025లో ఎల్పీ.8.1కు టీకాను మార్చుకుంటూ వచ్చారు. ప్రాణాలు కాపాడటంలో ఆ టీకాల మేలును కాదనలేం. అయితే టీకా తయారై సూదిలోకి ఎక్కేసరికి ఊళ్లో తిరిగేది మరో రకం అవుతోంది.

మరి ఒకే టీకా అన్నది పగటి కలేనా? కాదనడానికి గట్టి ఆధారం ఈ రభసలన్నిటికీ పద్దెనిమిదేళ్ల వెనక, 2003లో ఉంది. ఆ ఏడాది సింగపూర్‌లో, కొవిడ్ వైరస్‌కు చుట్టమైన సార్స్ సోకి బతికి బయటపడిన ఎనిమిది మంది 2021లో ఫైజర్ టీకా వేయించుకున్నారు. వాళ్ల రక్తంలోని యాంటీబాడీలు కొవిడ్ రకాలతో ఆగకుండా, గబ్బిలాల్లో, పాంగొలిన్‌లలో ఉండి మనుషులకు ఇంకా సోకని దాయాది వైరస్‌లను సైతం అడ్డుకున్నాయని అక్కడి శాస్త్రజ్ఞుడు వాంగ్ లిన్‌ఫా బృందం 2021 ఆగస్టులో ప్రకటించింది. ఒక వైరస్‌ను ఒకసారి, దాని దూరపు చుట్టాన్ని మరోసారి చూసిన శరీరం, రెండింటిలోనూ మారకుండా ఉన్న భాగాన్ని గుర్తుపట్టడం నేర్చుకుందన్నది దాని సారాంశం.

దీన్నే టీకాగా మలచడానికి కాలిఫోర్నియాలోని క్యాల్‌టెక్‌లో పమేలా బ్యోర్క్‌మన్ బృందం ఎంచుకున్న దారి వివరంగా చెప్పుకోదగ్గది. ఒక సూక్ష్మమైన గుళిక మీద 60 కొక్కేలను గుచ్చుతారు. అవన్నీ ఒకే వైరస్‌వి కావు. ఎనిమిది వేర్వేరు వైరస్‌లవి, కలగాపులగంగా పక్కపక్కన ఉంటాయి. యాంటీబాడీలను తయారు చేసే కణం ఒక్కోటి రెండు చేతులతో పట్టుకోవాలని చూస్తుంది. పక్కపక్కనున్న రెండు కొక్కేలూ వేరైనప్పుడు, రెండింటిలోనూ ఒకేలా ఉన్న భాగాన్ని గుర్తించగల కణానికే రెండు చేతుల పట్టూ చిక్కుతుంది. అదే బలపడి సంతానాన్ని పెంచుకుంటుంది. ఎలుకలు, కోతుల మీద 2022లో ప్రచురించిన ఫలితాల్లో, గుళిక మీద లేని తొలి సార్స్ వైరస్ నుంచి కూడా వాటికి రక్షణ దొరికింది. టీకాల తయారీకి నిధులిచ్చే సెపీ అనే అంతర్జాతీయ కూటమి ఈ పనికి 3 కోట్ల డాలర్ల దాకా ఇస్తానని అదే ఏడాది ముందుకొచ్చింది.

ఆ కూటమి భారతదేశాన్ని కూడా విస్మరించలేదు. 2022లోనే ఫరీదాబాద్‌లోని పరిశోధన సంస్థ టీహెచ్‌ఎస్‌టీఐ, టీకాల కంపెనీ పనాసియా బయోటెక్‌లకు 1.25 కోట్ల డాలర్ల దాకా, హైదరాబాద్ భారత్ బయోటెక్‌కు సిడ్నీ విశ్వవిద్యాలయం, స్విట్జర్లాండ్ సంస్థ ఎక్సెల్‌జీన్‌లతో కలిపి 1.93 కోట్ల డాలర్ల దాకా, రకాలు మారినా పనిచేసే టీకా కోసం నిధులు ప్రకటించింది.

అమెరికా ఇప్పుడు ఎంచుకున్న పాత పద్ధతి మన తెలుగువారికి కొత్తేమీ కాదు. వైరస్‌ను బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనంతో నిర్వీర్యం చేయడమే అందులోని కీలకం. హైదరాబాద్ జినోమ్ వ్యాలీలో పుట్టిన కొవాగ్జిన్ అలా తయారైనదే. కుక్క కరిస్తే కేజీహెచ్‌కు పరుగెత్తి వేయించుకునే రేబిస్ టీకాలనూ సాధారణంగా ఇదే రసాయనంతో నిర్వీర్యం చేస్తారు. వైరస్ మొత్తం శరీరానికి పరిచయమవుతుంది కనుక, స్పైక్ ఒక్కదాని మీదే ఆధారపడనక్కర్లేదన్నది ఆ పద్ధతి సమర్థకుల మాట. అందులో పస లేకపోలేదు. కానీ ఫ్లూకు 1940ల నుంచీ ఇలా నిర్వీర్యం చేసిన టీకాలే వేస్తున్నారు, ఏటా వాటిని మారుస్తూనే ఉన్నారు. చచ్చిన వైరస్ మీద కూడా ముందుగా శరీరం కంటపడేది ఆ మారే పైభాగమే. ఈ చిక్కును దాటడానికి అమెరికా కార్యక్రమంలోని శాస్త్రజ్ఞులు ఫ్లూలో నాలుగు వేర్వేరు పక్షి వైరస్‌లను కలిపి వాడుతున్నారు. అంటే అనేక దాయాదులను ఒకేసారి చూపించాలన్న సూత్రాన్ని వాళ్లూ ఒప్పుకున్నట్టే. అలాంటప్పుడు, అదే సూత్రాన్ని మరింత వేగంగా పరీక్షించే వీలున్న ఎంఆర్‌ఎన్‌ఏను పక్కన పెట్టడానికి చూపిన కారణాలు బలహీనంగానే కనిపిస్తున్నాయి. ఆ కార్యక్రమంలోని ఫ్లూ టీకాకు అనుమతి లక్ష్యంగా పెట్టుకున్న సంవత్సరం 2029.

వాషింగ్టన్‌లో ఈ నిర్ణయాలు ఒకదాని వెనక ఒకటి వెలువడుతున్న వేసవిలోనే, 2025 మే మూడో వారం దాటాక, విశాఖలోని మద్దిలపాలెంలో ఒక కొవిడ్ కేసు బయటపడింది. ఈసారి ఎవరూ ఊరి పేరు పెట్టలేదు, ఏ నగరమూ ఆంధ్రులను ఆపలేదు. ఆ వారాల్లో దేశమంతటా కనిపించినవి జేఎన్.1 సంతతికి చెందిన రకాలు. వాటి జన్యుక్రమంలో 22,882వ అక్షరం ఇప్పటికీ ‘జి’గానే ఉంది.