మూడో డోసు ఎప్పుడు వేయించుకున్నారు? దంతవైద్యుల్లో హెపటైటిస్ బి టీకాపై అపోహలు - వాస్తవాలు

తోటి దంతవైద్యులను "హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా?" అని అడిగితే ఠక్కున అవునంటారు. "మూడో డోసు ఎప్పుడు? టైటర్ ఎంత వచ్చింది?" అంటే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. టైటర్ అంటే టీకా పనిచేసిందో లేదో చెప్పే, రక్తంలోని యాంటీబాడీల కొలత. నా దిగులంతా ఆ రెండో ప్రశ్న గురించే.

అపోహ: గ్లౌజులు వేసుకుంటాం కదా, చాలు.

వాస్తవం: గ్లౌజు రక్తాన్ని ఆపుతుంది, సూదిని ఆపదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో కింది దవడకు మత్తు ఇచ్చి, రెండు చేతులతో సూదికి మూత పెడుతుంటే ఎడమ చూపుడువేలికి గుచ్చుకుంది. గ్లౌజు తీసి చూస్తే ఆవగింజంత రక్తపు బొట్టు. ఆ రోజు మిగతా పరీక్షల కోసం కంగారుపడ్డాను గానీ, హెపటైటిస్ బి విషయంలో నిశ్చింతగా ఉన్నాను. నా టైటర్ రిపోర్టు ఫైల్లో ఉంది.

అపోహ: భయపడాల్సింది హెచ్‌ఐవీకే.

వాస్తవం: వైరస్ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. టీకా లేనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. హెచ్‌ఐవీకి, హెపటైటిస్ సికి టీకా లేదు. దీనికి ఉంది. ఉండీ వేయించుకోకపోవడమే నాకు మింగుడుపడదు.

అపోహ: మూడు డోసులు పడ్డాయి, ఇక పరీక్షెందుకు?

వాస్తవం: 0, 1, 6 నెలల్లో డోసులు పూర్తిచేసినా పెద్దవాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి చాలినన్ని యాంటీబాడీలు తయారు కావు. వయసు పైబడినవారిలో, పొగతాగేవారిలో, ఊబకాయం ఉన్నవారిలో ఇది ఇంకాస్త ఎక్కువ. అందుకే చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో టైటర్ చూపించుకోవాలి. 10 లేదా అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్టే. ఏళ్లు గడిచాక ఆ అంకె తగ్గినా ఆరోగ్యవంతులకు బూస్టర్ అక్కర్లేదు. కానీ ఆ మొదటి రిపోర్టు చేతిలో ఉండాలి. 10 కంటే తక్కువ వస్తే మళ్లీ టీకా వేయించుకుని మళ్లీ చూపించుకోవాలి.

అపోహ: మధ్యలో ఆపేస్తే మొదటినుంచి మొదలుపెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు. రెండు డోసులతో ఆగిపోయినవాళ్లు రేపే వెళ్లండి.

అపోహ: ఇది డాక్టర్ల గొడవ.

వాస్తవం: పేషెంటు వెళ్లాక ట్రే సర్దేది ఎవరు? పళ్ల గార తీసే స్కేలర్ మొనలు బ్రష్‌తో రుద్ది కడిగేది, సూదుల డబ్బా మార్చేది ఎవరు? మా అసిస్టెంటు అమ్మాయి చేతిలో ఒక పూటలో ఎన్ని పదునైన పనిముట్లు నలుగుతాయో పక్కన నిలబడి లెక్కపెట్టాను. నాకంటే తనకే ఎక్కువ. క్లినిక్ ఊడ్చే మనిషికి, రక్తం అంటిన అచ్చులు విప్పే ల్యాబ్ టెక్నీషియన్‌కు కూడా టీకా కావాలి. ఖర్చు క్లినిక్కే భరించాలన్నది నా గట్టి అభిప్రాయం.

టీకాతోనే జబ్బు వస్తుందన్న మాట కూడా వింటుంటాం. అందులో వైరస్ ఉండదు, ఈస్ట్‌లో తయారుచేసిన దాని పైపొర ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. గర్భిణులు కూడా వేయించుకోవచ్చు.

పేషెంటు నోటికి అడుగు దూరంలో పనిచేసే మనకు ఏటా ఫ్లూ టీకా, తట్టు, రుబెల్లా, ఆటలమ్మ టీకాలు కూడా అవసరమే. ఫ్లూ సూది తప్ప మిగతావి గర్భంతో ఉన్నప్పుడు వేయకూడదు కాబట్టి ముందే చూసుకోవాలి.

పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసే మా ఆటోక్లేవ్ పక్కన ఒక నోటుపుస్తకం ఉంటుంది. పేరు, మూడు తేదీలు, టైటర్ అంకె. ప్రస్తుతం అందులో రెండు గడులు ఖాళీ. కొత్తగా చేరిన అసిస్టెంటుకు మూడో డోసు వచ్చే నెల, టైటర్ ఆ తర్వాత.