యార్డ్ సేల్ అయితే సంతోషించండి: స్కీయింగ్ మాటల మీద అపోహలు - వాస్తవాలు

గుంటూరు వాళ్లకి యార్డు అంటే మిర్చి యార్డే. స్కీయింగ్‌లో ‘యార్డ్ సేల్’ వేరు. మనిషి దబ్బున పడతాడు. ఒక స్కీ ఇటు, ఇంకోటి అటు, పోల్స్, గాగుల్స్, టోపీ వాలంతా పరుచుకుంటాయి. పెరట్లో పాత సామాను అమ్మకానికి పెట్టినట్టుందని ఆ వేళాకోళం పేరు. బెజవాడ నుంచి గుల్మార్గ్ వెళ్లే బ్యాచ్‌ల్లో ఇది జరగ్గానే వినిపించే మాట ఒకటే: “అన్నా, స్కీ ఊడిపోయింది. రెంటల్ వాడితో కొంచెం టైట్ చేయించు.”

చేయించకండి. కాళ్లు విరిగేది ఈ అపోహతోనే. పడ్డప్పుడు స్కీ ఊడాలి, బైండింగ్ (బూటుని స్కీకి బిగించే పట్టు) ఉన్నదే అందుకు. మనిషంత పొడవు బద్ద కాలికి బిగిసిపోయి మెలి తిరిగితే, అది గునపం పెట్టి ఎత్తినట్టే. ఆ బలమంతా మోకాలి కింద ఎముక మీద పడుతుంది. బైండింగ్ సరిగ్గా ఊడినా మోకాలి లిగమెంటు తెగదన్న హామీ లేదు. ఎముక విరిగే ముప్పు మాత్రం బాగా తగ్గుతుంది.

ఇక ‘డిన్’. బైండింగ్ ముందు భాగం మీద, మడమ భాగం మీద చిన్న కిటికీలో కనిపించే నంబరు అది. జర్మనీ ప్రమాణాల సంస్థ పేరుకి పొట్టి రూపం. ఎంత బలం పడితే బూటు వదలాలో చెబుతుంది. “వాడు 9 పెట్టుకున్నాడు, నాకు 4 ఏంటి, మరీ చిన్నపిల్లాడిలా?” అనుకోవడం దండగ. అది మార్కుల లిస్టు కాదు. ఆ నంబరు చార్టు చూసి తీయాలి, దానికి అయిదు వివరాలు కావాలి: బరువు, ఎత్తు, వయసు, బూటు సోల్ పొడవు, స్కీయర్ టైపు (ఎంత జోరుగా స్కీ చేస్తారన్నది).

బరువు దగ్గర మొహమాటపడి 85ని 72 చేయకండి, అవసరం లేనప్పుడు కూడా ఊడుతుంది. ఎత్తుకీ బరువుకీ చార్టులో వేర్వేరు వరుసలు వస్తే తక్కువ నంబరు ఇచ్చే వరుసే తీసుకోవాలి. 50 దాటిన వాళ్లకి ఇంకో వరుస తగ్గించాలి. మొదటిసారి వెళ్లే వాళ్లంతా టైప్ 1, అంటే నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లే రకం. “ఇంటర్మీడియట్ అని చెప్పు, మంచి స్కీలు ఇస్తారు” అనే సలహా ఇచ్చేవాడు ఆసుపత్రి బిల్లు కట్టడు. సోల్ పొడవంటే బూటు సైజు కాదు. మడమ పక్కన 305 లాంటి అంకె మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది, అదీ. కాలు నొక్కుతోందని మధ్యలో బావమరిదితో బూట్లు మార్చుకుంటే ఇద్దరి బైండింగ్‌లూ మళ్లీ సెట్ చేయించాలి. ఇది చాలామంది మర్చిపోయే సంగతి.

మరి పడకుండానే ఊడిపోతుంటే? భయం న్యాయమే. అయినా స్క్రూ జోలికి ముందే పోవద్దు. చాలాసార్లు దోషం బూటు కింద గడ్డకట్టిన మంచుది. పోల్‌తో సోల్ గీకండి. స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి, ముందు దిగువ వైపు స్కీ తొడగండి. వేళ్ల వైపు దూర్చి, మడమ టక్కుమనేదాకా నొక్కండి. అప్పటికీ ఊడితే ఫార్వర్డ్ ప్రెషర్ (మడమ భాగం బూటుని ముందుకి నొక్కే ఒత్తిడి) చూడమని రెంటల్ కుర్రాణ్ణి అడగండి. బూటు పొడవుకి మడమ భాగం సరిగ్గా జరగకపోతే డిన్ ఎంత పెట్టినా లాభం లేదు.

స్నోబోర్డు (రెండు కాళ్లకీ ఒకటే బద్ద) బైండింగ్ అసలు ఊడదు, దానికి డిన్ లేదు. పడ్డప్పుడు చేయి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకునే వాళ్లే ఎక్కువ. రిస్ట్ గార్డులు కొనండి. ‘గూఫీ’ అంటే తిట్టు కాదు, కుడికాలు ముందు పెట్టి నిలబడేవాళ్లు. ఎడమ చేతివాటానికీ దానికీ సంబంధం లేదు.

‘ఫాల్ లైన్’ అంటే జనం పడే చోటు కాదు. ఆ వాలు మీద బిందెడు నీళ్లు పోస్తే పారే దారి. ‘పిజ్జా’ అంటే స్కీల మొనలు దగ్గరికి చేర్చి ఆపడం. నిటారు వాలులో అదొక్కటే చాలదు, మలుపు తిరిగి వేగం తగ్గించాలి. వాలు ఎంత కష్టమో చెప్పే బ్లాక్ డైమండ్ (కష్టం), బ్లూ స్క్వేర్ (మధ్యస్థం) గుర్తులు ఆ రిసార్ట్ లోపలి పోలికలే. ఒక చోటి బ్లూ ఇంకో చోట బ్లాక్ అంత ఉండొచ్చు.

‘పౌడర్’ (కొత్తగా కురిసిన మెత్తటి మంచు) అని వినగానే గుల్మార్గ్ కేబుల్ కారు గండోలా ఫేజ్ 2 ఎక్కి అఫర్వాట్ కొండ వైపు పరుగెత్తే వాళ్లకో మాట. 3,900 మీటర్లు దాటిన ఆ చోట టికెట్ దొరకడం వేరు, వాలు భద్రంగా ఉండటం వేరు. అక్కడ చాలా భాగం యంత్రంతో చదును చేసిన పిస్ట్ కాదు. 2023 ఫిబ్రవరిలో అఫర్వాట్ దగ్గర మంచు చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. అరుపులకి మంచు చరియ విరిగిపడదు. మనిషి బరువుకి పడొచ్చు, అదీ ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మంచు చరియల హెచ్చరికలో ‘లెవెల్ 3’ అంటే అయిదులో మూడు కదా, పర్లేదు అనుకోవద్దు. మనిషి బరువుకే మంచు జారే అవకాశం ఉందని దాని అర్థం.

చివరగా సాక్సులు. బెంజ్ సర్కిల్ దగ్గర చెమటలు కక్కుతూనే రెండు జతల ఉన్ని సాక్సులు కొనేస్తారు. వద్దు. ఒక్క జత, పల్చటివి, మోకాలి దాకా. రెండు జతలేస్తే రక్తప్రసరణ నొక్కుకుపోయి కాలు ఇంకా చల్లబడుతుంది. థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటు లోపలికి దోపకండి.