పొలం పేర్లు, గుట్ట మీద గోడలు: అపోహలు - వాస్తవాలు

ఊళ్లోని పొలాల పేర్లను, పాత కోటల ఆనవాళ్లను తిరిగి చూసి నమోదు చేసేవాళ్ల కోసం ఈ మాటలు.

అపోహ: పొలాల పేర్లన్నీ రెవెన్యూ రికార్డుల్లో ఉన్నాయి, కొత్తగా రాసేదేముంది?

వాస్తవం: రికార్డులో గ్రామం పేరు, సర్వే నంబరు దొరుకుతాయి. ఆ నంబరులోని చెలక, మడి, కుంట, బండ పేర్లు మాత్రం జనం నోట్లోనే బతుకుతున్నాయి. కోటగడ్డ, బురుజు చేను, అగడ్త (కోట చుట్టూ తవ్విన కందకం) మడి, దిడ్డి (కోటగోడలోని చిన్న ద్వారం) బాట లాంటి పేరు వినపడితే, గోడ కనిపించకపోయినా అక్కడ ఒకసారి నడిచి చూడాల్సిందే. నైజాం ఇలాకాలో ఇంకో చిక్కుంది. అప్పటి రికార్డులు ఉర్దూ లిపిలో రాశారు. ఆ లిపిలో ళ, ణ లేవు, ఎ-ఏ, ఒ-ఓ తేడా కూడా తెలియదు. అందుకే అవి మళ్లీ తెలుగులోకి ఎక్కేటప్పుడు చాలా పేర్లు మారిపోయాయి. కరీంనగర్ దగ్గరి ఎలగందుల ఎల్గందల్ అయింది ఇలాగే. కాబట్టి ముందు నోటి పేరు రాసుకోండి, రికార్డు పేరును దాని పక్కన పెట్టండి. పాత పహాణీల్లో (భూమి, పంట వివరాల రికార్డుల్లో) 'బేచిరాగ్' అని ఉన్న ఊళ్లను, అంటే దీపం పెట్టే మనిషి లేని ఊళ్లను, బయల్దేరే ముందే జాబితా చేసుకోండి.

అపోహ: ఊళ్లో ఒక పెద్దాయనను అడిగితే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. గుట్ట పేర్లు గొర్ల కాపరికి తెలుస్తాయి, తూముల పేర్లు చెరువు నీళ్లు వదిలే నీరటికి, మడుల పేర్లు నాట్లేసే ఆడవాళ్లకు. కనీసం ముగ్గురిని, ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా అడగండి. "దీన్ని కోటగడ్డ అంటారా?" అంటే మర్యాదకైనా ఔనంటారు. "ఇక్కడికి వస్తుంటే ఇంట్లో ఏమని చెప్పి వస్తారు?" అని అడిగితే అసలు పేరు దానంతటదే వస్తుంది. పలికింది పలికినట్టు రాసి, ఆడియో తీసి, సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు, చెప్పినవారి వయసు, తేదీ చేర్చండి. అర్థానికి వేరే గడి పెట్టండి. తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపిన అర్థం పదేళ్లకు చరిత్రై కూర్చుంటుంది.

అపోహ: పేరు చివర 'పాడు' ఉంటే పాడుబడ్డ ఊరే.

వాస్తవం: నేలపాడు, చింతలపాడు లాంటి పేర్లలో పాడు అంటే ఊరనే అర్థం. నిజంగా పాడుబడ్డ ఊరి జాడ పాటిగడ్డ, అంటే పాత ఊరి దిబ్బ, మీద దొరుకుతుంది. ఆ దిబ్బ మన్నును (పాటిమన్ను) ఎరువుకు తోలుకుపోయిన చోట గడ్డ నిలువునా కోసుకుపోయి ఉంటుంది. ఆ కోతలో పెంకుల పొరలు చూడండి. అర మీటరుకు దగ్గరగా పొడవున్న ఇటుక కనిపిస్తే శాతవాహన కాలపుది కావచ్చు. కొలిచి, స్కేలు పెట్టి ఫోటో తీయండి. పెకిలించకండి.

అపోహ: కోట అంటే రాతిదే, కట్టింది కాకతీయులే.

వాస్తవం: తెలంగాణలోని ధూళికట్ట, కోటిలింగాలల్లో ఉన్నవి శాతవాహన కాలపు మట్టికోటలు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి మట్టికోటను జనం విరాటరాజు దిబ్బ అంటారు, ఆ ఊళ్లో బయటపడింది మాత్రం బౌద్ధ స్తూపం. రెండూ రాసుకోవాల్సినవే, ఒకదాన్ని కొట్టేసి ఇంకొకటి కాదు. రాతి గోడలకైనా ఒకే వయసుండదు. కింద సున్నం లేకుండా పేర్చిన పెద్ద రాళ్లు, పైన సున్నపు కట్టుబడి, తుపాకీ కంతలు ఉంటే, పైభాగం తుపాకులొచ్చాక కట్టినది. వరసలను వేరువేరుగా నమోదు చేయండి.

గోడ వెంట ప్రతి 20 మీటర్లకు, ప్రతి మలుపులో ఒక పాయింటు తీసుకోండి. ఫోను జీపీఎస్ ఆకాశం తేటగా ఉన్నచోట కూడా 3-5 మీటర్లు తప్పుతుంది, గుండ్ల సందుల్లో ఇంకా ఎక్కువ. రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాకే రీడింగు రాయండి. ఏప్రిల్, మే నెలల్లో పొదలు ఎండి గోడ అడుగు బయటపడుతుంది, పూడిన అగడ్త జాడ మాత్రం వానల తర్వాత పచ్చటి పట్టీలా కనిపిస్తుంది.

అపోహ: మన చేన్లో దొరికిన నాణేలు మనవే.

వాస్తవం: 1878 నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్న నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఇక కోట లొకేషన్‌ను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు అవే చూసుకుని వస్తారు. పూర్తి వివరాలు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి, పంచాయతీకి ఇచ్చే ప్రతిలో పేర్లు, సర్వే నంబర్లు ఉంటే చాలు.