చీమ మళ్ళీ చేప పేరు చెబితే?

రాజుగారి ఏడుగురు కొడుకుల కథ తెలిసిందే. చేప ఎందుకు ఎండలేదంటే నెపం గడ్డిమోపు మీదికి పోతుంది, అక్కణ్ణుంచి ఆవు, పాలేరు, అవ్వ, పాప. చివరికి చీమ ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అంటుంది, కథ ఆగుతుంది. చీమ కూడా ‘చేప ఎండలేదు, అందుకే కుట్టాను’ అని ఉంటే పిల్లలు ఇంకా మేలుకునే ఉండేవాళ్ళు.

ప్రోగ్రాముల్లో ఇలాంటి చీమలు ఉంటాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 1, 2 ఉన్న లిస్ట్‌లోకి (అంటే జాబితాలోకి) మూడో అంశంగా ఆ లిస్ట్‌నే చేర్చొచ్చు. లిస్ట్‌లో దాచేది వస్తువును కాదు, అది ఎక్కడుందో చెప్పే ఆచూకీని. అందుకే చేర్చడం తేలికే. ప్రింట్ చేసేటప్పుడే తంటా: లోపలి లిస్ట్‌ను రాయాలంటే దాని లోపలిది రాయాలి, దానికి మళ్ళీ దాని లోపలిది.

పైథాన్ మాత్రం నింపాదిగా [1, 2, [...]] అని చూపిస్తుంది. లిస్ట్‌ను రాయడం మొదలుపెట్టగానే దాని ఆచూకీ ఒకచోట రాసుకుంటుంది, రాయడం పూర్తవగానే కొట్టేస్తుంది. ఇంకా కొట్టేయని ఆచూకీ ఎదురైతే మూడు చుక్కలు పెట్టి వెనక్కి తిరుగుతుంది.

ఆ కొట్టేయడంలోనే ఉంది కిటుకంతా. ఇలా ప్రింట్ చేసే కోడ్ రాసేటప్పుడు మొదట్లో నేనూ ‘ఇంతకుముందు చూశానా?’ అనే అడిగేవాణ్ణి. అన్నదమ్ముల వివరాలు రెండూ ఒకే అడ్రస్ లిస్ట్‌ను చూపిస్తున్నాయనుకోండి. అన్నకు అడ్రస్ వస్తుంది, తమ్ముడికి చుక్కలు మిగులుతాయి. అక్కడ వలయమే లేదు, ఇద్దరిదీ ఒకే ఇల్లు, అంతే. అడగాల్సింది ‘ఇప్పుడు దీని లోపలే ఉన్నానా?’ అని.

జావా అనే మరో భాషలో ఇంకో తమాషా. ఆచూకీకి బదులు లిస్ట్‌నే హ్యాష్‌సెట్‌లో (చూసినవాటిని గుర్తుంచుకునే సంచిలో) వేస్తే, దాని హ్యాష్‌కోడ్ (వెతకడానికి వాడే సంఖ్య) లెక్కకట్టడానికి లోపలి అంశాలన్నీ తిరగాలి. కాపలా కాయాల్సినవాడే సుడిగుండంలో పడతాడు! జావా సొంత కాపలా కూడా నా దృష్టిలో సగమే. ప్రింట్ చేసేటప్పుడు అర్రేలిస్ట్ (జావాలో ఒక రకం లిస్ట్) నేరుగా తనలోనే ఉంటే పట్టుకుంటుంది. రెండు లిస్ట్‌లు ఒకదానిలో ఒకటి ఉంటే స్టాక్ ఓవర్‌ఫ్లోయే, అంటే లోపలికి వెళ్ళీ వెళ్ళీ చోటు చాలక ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

జావాస్క్రిప్ట్ భాషలో ఇలాంటి లిస్ట్‌ను జేసన్‌గా (డేటాను అక్షరాల్లో రాసే పద్ధతి) మార్చబోతే ఎర్రర్ వస్తుంది. అది న్యాయమే, చుక్కల నుంచి డేటాను తిరిగి రాబట్టలేం కదా. కామన్ లిస్ప్ అనే భాష మాత్రం #1=(1 2 #1#) అని రాయగలదు: ముందు పేరు పెట్టి, తర్వాత ఆ పేరుతో పిలవడం. తిరిగి చదివితే అదే వలయం దొరుకుతుంది. కాకపోతే పేరు ముందే పెట్టాలి కాబట్టి, మొదటి అక్షరం రాసేలోపే మొత్తం ఒకసారి తిరిగి రావాలి.