ట్రైనింగ్ తర్వాత పిల్లల ఒళ్ళు నొప్పులు: అపోహలు - వాస్తవాలు

వేసవి క్యాంపులు మొదలైన రెండో రోజో మూడో రోజో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి ఫోన్లు మొదలవుతాయి. "బాబు మెట్లు దిగలేకపోతున్నాడండీ, బాత్రూమ్‌లో కూర్చుంటే లేవలేకపోతున్నాడు, నరం ఏమైనా పట్టేసిందా?" అని. ఏడాదంతా బెంచీ మీద కూర్చున్న పిల్లాణ్ణి ఒక్కసారిగా పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కోర్టులో దూకిస్తే అలాగే ఉంటుంది. నరం పట్టేయలేదు. చాలామందికి మందు కూడా అక్కర్లేదు. కానీ ఈ నొప్పి చుట్టూ ఉన్న నమ్మకాలు మాత్రం అన్నీ ఇన్నీ కావు.

అపోహ: కండల్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, దాన్ని బయటికి పంపాలి.

కోచ్‌లు కూడా ఇదే చెప్తారు. గట్టిగా ఆడుతున్నప్పుడు లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) పెరిగే మాట నిజమే, కానీ ఆట ఆపాక గంట, గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. పైగా అది చెత్త కాదు, గుండె, కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. సోమవారం సాయంత్రం ఆడితే బుధవారం పొద్దున తొడలు నొప్పెడుతున్నాయంటే ఆ పాపం లాక్టిక్ యాసిడ్‌ది కాదు. కండరం ఒకవైపు సాగుతూనే బరువుని ఆపాల్సి రావడం అసలు కారణం. షటిల్‌లో ఒక కాలు బాగా ముందుకు చాపి వంగి (లంజ్) ఆగినప్పుడు, జంప్ స్మాష్ కొట్టి కిందికి వాలినప్పుడు, గుంజీల్లో కిందికి దిగేటప్పుడు తొడ ముందు కండరం చేసేది ఆ పనే. అలవాటు లేనప్పుడు లోపలి సన్నటి పోగులు అక్కడక్కడ దెబ్బతింటాయి, శరీరం వాటిని బాగుచేసుకోవడం మొదలెడుతుంది, ఆ రిపేరులో వచ్చే వాపు, సలుపే మనకి నొప్పిగా తెలుస్తుంది. నమ్మకం కుదరకపోతే తిరుమల మెట్లెక్కి, మళ్ళీ నడిచే దిగొచ్చిన వాళ్ళని అడగండి. ఆయాసం ఎక్కేటప్పుడు, తొడల నొప్పి దిగిన మర్నాడు.

ఈ నొప్పిని మేము డామ్స్ (DOMS) అంటాం, అంటే ఆలస్యంగా మొదలయ్యే కండరాల నొప్పి. 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, రెండో మూడో రోజు బాగా ముదురుతుంది, వారం లోపు పోతుంది. అదే ప్రాక్టీస్ వారం పది రోజుల తర్వాత మళ్ళీ చేయిస్తే ఈసారి నొప్పి చాలా తక్కువ ఉంటుంది, ఎందుకంటే కండరం నేర్చేసుకుంటుంది. కాబట్టి "నొప్పి రాలేదంటే సరిగ్గా చేయలేదు" అనే కోచ్ మాట పట్టించుకోకండి. బాగా ట్రైనింగ్ అయిన పిల్లలకి నొప్పి రాకపోవడమే మామూలు.

అపోహ: గట్టిగా పిసికితే నొప్పి ఊడొస్తుంది.

నువ్వుల నూనె రాసి నెమ్మదిగా మర్దన చేయండి, నేనేం కాదనను, హాయిగా ఉంటుంది, నొప్పి కొంత తగ్గుతుంది కూడా. పిల్ల ఏడుస్తుంటే ఇంకా గట్టిగా పిసికేవాళ్ళతోనే నా గొడవ. ఇప్పటికే దెబ్బతిన్న కండరాన్ని నలిపితే ఏం లాభం? గోరువెచ్చటి నీళ్ళ స్నానం, కాపడం, ఇంటి చుట్టూ పది పదిహేను నిమిషాల నడక, కొంచెం సైకిల్ తొక్కడం, ఇవి చాలు. కదిలితే తాత్కాలికంగా తేలికపడుతుంది, పూర్తిగా పడుకోబెడితే ఇంకా బిగుసుకుపోతుంది. బామ్ రాస్తే చర్మం మీద చల్లగానో వేడిగానో అనిపిస్తుంది కాబట్టి కాసేపు నొప్పి మీద ధ్యాస తప్పుతుంది, అంతే.

ఇక స్ట్రెచింగ్. ఆటకి ముందు చేసినా తర్వాత చేసినా మర్నాటి నొప్పి తగ్గేది చాలా చాలా తక్కువని పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలింది. ఒళ్ళు వంగడం కోసం చేయించండి, నొప్పి కోసం కాదు.

ఐస్ బాత్ వీడియోలు చూసి డ్రమ్ములో ఐసు గడ్డలు పోసి పిల్లల్ని కూర్చోబెడుతున్నారు! చన్నీళ్ళ వల్ల నొప్పి కొంత తగ్గుతుంది, అది నిజం. టోర్నమెంటులో ఈ రోజు మ్యాచ్, రేపు మళ్ళీ మ్యాచ్ ఉన్న పెద్ద ఆటగాడికి అది అవసరం కావచ్చు. కానీ బరువులెత్తే ట్రైనింగ్ తర్వాత రోజూ అలా చేస్తే కండ పెరగడమే మందగిస్తుందని తేలింది. పదకొండేళ్ళ పిల్లాడికి అదేం అవసరమండీ?

అపోహ: పొద్దున్నే ఒక బిళ్ళ వేసి పంపితే హాయిగా ఆడుకుంటాడు.

దీనికి మాత్రం నాకు కోపం వస్తుంది. నొప్పి గోళీ కండరాన్ని బాగుచేయదు, నొప్పిని కప్పేస్తుంది, దాంతో ఆగాల్సిన చోట పిల్లాడు ఆగడు. పైగా మే నెల ఎండలో చెమటలు కారి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీల మీద భారం వేస్తాయి. నిమెసులైడ్‌నైతే పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు, అయినా ఇంట్లో పెద్దవాళ్ళకి తెచ్చిన స్ట్రిప్‌లోంచి సగం విరిచి ఇచ్చేవాళ్ళున్నారు. డాక్టర్ చెప్పకుండా ఏ బిళ్ళా వద్దు.

తిండి సంగతి క్లుప్తంగా చెప్తాను. పచ్చి గుడ్డు పాలల్లో కొట్టి తాగించకండి. పచ్చి గుడ్డులోని ప్రోటీన్‌లో దాదాపు సగమే ఒంటికి అందుతుంది, ఉడికిస్తే చాలా ఎక్కువ అందుతుంది, పైగా సాల్మొనెల్లా అనే విరేచనాల బ్యాక్టీరియా భయం ఉండదు. పప్పు, పెరుగు, గుడ్డు, చేపా చికెనూ తింటే పౌడర్ డబ్బా అక్కర్లేదు. పసుపు పాలు తాగనివ్వండి, కానీ అందులో వేసే చిటికెడు పసుపు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. అన్నిటికన్నా ముఖ్యం నిద్ర. పదమూడు దాటిన పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలి, అంతకన్నా చిన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. రాత్రి పన్నెండు దాకా ఫోను, తెల్లవారుజామున ఐదింటికి గ్రౌండు అంటే ఏ నూనె రాసినా లాభం లేదు.

ఒక ముఖ్యమైన లెక్క ఉంది. వారంలో ట్రైనింగ్ గంటలు పిల్లల వయసుని దాటకూడదు, అంటే పదేళ్ళ పిల్లకి వారానికి పది గంటలు, అందులోనూ కనీసం ఒక రోజు పూర్తి సెలవు. క్యాంపులో చేర్చేముందు మొదటి వారం సగం సేపే ఆడిస్తారా అని కోచ్‌ని అడగండి.

అపోహ: ఆటలాడే పిల్లలకి ఏ నొప్పైనా మామూలే.

కాదు! ట్రైనింగ్ నొప్పి రెండు కాళ్ళకీ ఉంటుంది, కండంతా పరుచుకుని ఉంటుంది, రోజు రోజుకీ తగ్గుతుంది. ఒకే చోట, ఒకే వైపు, వేలితో చూపించగలిగితే అనుమానించాలి. మోకాలి చిప్ప కింద గుబ్బలా ఉన్న ఎముక దగ్గర నొప్పైతే ఓస్‌గుడ్-ష్లాటర్ కావచ్చు, మడమ వెనక అయితే సీవర్స్ కావచ్చు. రెండూ ఎదిగే ఎముక మీద స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) లాగడం వల్ల వచ్చేవే, ప్రమాదం కాదు గానీ ఆట తగ్గించాలి. ఫాస్ట్ బౌలింగ్ వేసే కుర్రాడికి నడుము ఒకవైపు రెండు వారాలకి మించి నొప్పెడుతుంటే వెన్నెముకలో సన్నటి పగులు ఉందేమో స్కాన్ తీయించి చూడాలి. జ్వరం, కీలు వాపు, కుంటడం, నిద్రలోంచి లేపే నొప్పి ఉన్నా ఆలస్యం వద్దు.

శిక్షగా వందల గుంజీలు తీయించే పీఈటీలు ఇంకా ఉన్నారు. అలా తీసిన ఒకటి రెండు రోజులకి తొడలు వాచి గట్టిపడి, మూత్రం డికాషన్ రంగులో వస్తే అది డామ్స్ కాదు, కండరం కరిగి రక్తంలో కలుస్తోందని అర్థం, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఎన్ని గుంజీలు తీశాడో కూడా డాక్టర్‌కి చెప్పండి. తిడతారని పిల్లాడు తనంతట తాను చెప్పడు.