క్లౌన్‌ఫిష్‌కు తోడుగా ఏ ఎనిమోన్?

క్లౌన్‌ఫిష్ అనే చిన్న సముద్రపు చేప, రాళ్లకో ఇసుకలోనో అతుక్కుని పువ్వులా విచ్చుకునే ఎనిమోన్ అనే సముద్రజీవి కొత్తగా కనబడితే దాని దగ్గరికి మొదటిసారి వెళ్లే తీరును ఓపికగా గమనించాలి. అది ఒక్కసారిగా లోపలికి దూరిపోదు. ముందు తోక చివరతోనో పొట్ట కింది రెక్కతోనో ఒక స్పర్శకాన్ని, అంటే ఎనిమోన్ నోటి చుట్టూ ఉండే మెత్తని వేళ్లలాంటి భాగాల్లో ఒకదాన్ని, తాకీ తాకనట్టు తాకి, చటుక్కున వెనక్కి తగ్గుతుంది. కాసేపు దూరంగా తచ్చాడి మళ్లీ వస్తుంది, ఈసారి మరి కాస్త ఎక్కువసేపు ఆనుకుంటుంది. ఇలా కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో గడిచాక ఒళ్లంతా ఆ స్పర్శకాల మధ్యకు జార్చుకుని, అంత పరిమాణంలో ఉన్న మరో చేపనైతే చంపివేయగల ముళ్ల పరుపు మీద నిశ్చింతగా పడుకుంటుంది. పెద్ద ఎనిమోన్ల లోపల చేపలు కాపురం ఉంటున్నాయని దక్షిణ చైనా సముద్రంలో గమనించిన కథ్‌బర్ట్ కాలింగ్‌వుడ్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త 1868లో ఆ సంగతిని ప్రకటించారు. అప్పటి నుంచి ఈ చెలిమి శాస్త్రవేత్తలను ఆకర్షిస్తూనే ఉంది. ఇంట్లో సముద్రపు అక్వేరియం పెట్టుకున్నవారిలో చాలామంది కోరుకునేది కూడా ఈ దృశ్యమే. అయితే దానికోసం ఏ ఎనిమోన్‌ను తెచ్చుకోవాలన్న ప్రశ్నకు సరైన జవాబు చేప వైపు నుంచి కాకుండా ఎనిమోన్ వైపు నుంచి ఆలోచిస్తేనే దొరుకుతుంది.

ఎనిమోన్ స్పర్శకాల నిండా దంశకణాలు ఉంటాయి. ఒక్కొక్క కణంలో సన్నని దారంలాంటి నిర్మాణం చుట్ట చుట్టుకుని ఉండి, తగిన రసాయనం తగలగానే బాణంలా బయటికి దూసుకువచ్చి విషాన్ని గుచ్చుతుంది. చేపల ఒంటి మీది జిగురులో సాధారణంగా ఉండే సియాలిక్ ఆమ్లం ఈ కణాలను రెచ్చగొట్టే పదార్థాలలో ఒకటి. క్లౌన్‌ఫిష్ జిగురులో అది చాలా తక్కువగా ఉంటుందని పరిశోధనలు చూపాయి. పొందిన ఆశ్రయానికి చేప బదులు కూడా తీర్చుకుంటుంది. స్పర్శకాలను కొరుక్కుతినే సీతాకోకచిలుక చేపలను తరిమికొడుతుంది, రాత్రివేళ రెక్కలు ఆడిస్తూ ఎనిమోన్ చుట్టూ నీటిని కదిలించి ప్రాణవాయువు అందేలా చూస్తుంది. చేప విసర్జించే అమ్మోనియా ఎనిమోన్ కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలకు, అంటే కంటికి కనిపించని నాచుకు, ఎరువవుతుంది. ఆ శైవలాలు వెలుతురుతో తయారుచేసే ఆహారమే ఎనిమోన్‌కు ప్రధాన పోషణ. అంటే తొట్టిలో ఎనిమోన్‌ను పెంచడం ఒక విధంగా మొక్కను పెంచడం లాంటిదే. ఈ మాట గుర్తుపెట్టుకుంటే కింద చెప్పబోయే విషయాలు సగం వాటంతట అవే అర్థమవుతాయి.

ప్రపంచంలో వెయ్యికి పైగా ఎనిమోన్ జాతులు ఉన్నా, సహజంగా క్లౌన్‌ఫిష్‌కు ఆశ్రయమిచ్చేవి 10 మాత్రమే. ఇవన్నీ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని నీళ్లలో ఉంటాయి. అట్లాంటిక్‌లో క్లౌన్‌ఫిష్ అసలే లేదు. కాబట్టి కరీబియన్ సముద్రం నుంచి వచ్చే కాండిలాక్టిస్ ఎనిమోన్‌ను, అందంగా ఉందని, చవకగా దొరికిందని క్లౌన్‌ఫిష్ కోసం తెచ్చుకోవడంలో అర్థం లేదు. ఉన్న 10 జాతులనూ చేపలన్నీ సమానంగా పంచుకోవు. క్లార్కీ క్లౌన్‌ఫిష్ పదింటిలోనూ ఉండగలదు. మెరూన్ క్లౌన్‌ఫిష్‌కు బబుల్ టిప్ ఎనిమోన్ ఒక్కటే ఇల్లు. ఇళ్లలో ఎక్కువగా పెంచే నారింజ రంగు, తెల్ల పట్టీల ఒసెల్లారిస్ చేప సముద్రంలో మాగ్నిఫికా, గైగాన్‌టియా, మెర్టెన్సీ అనే మూడింటిలో కనిపిస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. చేపకు సహజమైన తోడును తెచ్చిపెట్టడమే న్యాయమని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ ఆ మూడూ ఇంటి తొట్టిలో బతికించడానికి మిక్కిలి కష్టమైనవి. మాగ్నిఫికా పగడపు దిబ్బల మీద ఎండ, ప్రవాహం రెండూ బలంగా తగిలే చోట పెరిగేది. సముద్రంలో దాదాపు మీటరు వెడల్పు వరకు విస్తరించే ఈ జీవి, తొట్టిలో నచ్చిన చోటు దొరికేదాకా అద్దాల మీద పాకుతూ తిరుగుతుంది. గైగాన్‌టియా రవాణాలోనే దెబ్బతిని, రోగంతో వచ్చి, కొద్ది రోజుల్లోనే కరిగిపోవడం పెంపకందారులకు బాగా తెలిసిన విషాదం. మెర్టెన్సీ మీటరుకు మించి కూడా పరుచుకోగలదు, దానికి చోటివ్వగల తొట్టి ఇళ్లలో అరుదు. ఏళ్ల అనుభవం, పెద్ద తొట్టి, శక్తిమంతమైన దీపాలు ఉన్నవారు తప్ప ఈ మూడింటి జోలికి పోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

మిగతావారికి నేను చెప్పేది బబుల్ టిప్ ఎనిమోన్ ఒక్కటే. దాని స్పర్శకాల చివర్లు చిన్న బుడగల్లా ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బు కొన్నాళ్లు కనిపించి కొన్నాళ్లు మాయమవుతూ ఉంటుంది, అంతమాత్రాన జబ్బు చేసిందని కంగారుపడనక్కరలేదు. ఇది రాతి సందులో పాదాన్ని లోతుగా దించి, స్పర్శకాలను మాత్రం వెలుతురులోకి చాపుతుంది. కాబట్టి ఇసుక కంటే లోతైన పగుళ్లున్న రాళ్లు దీనికి అవసరం. ఓ మోస్తరు వెలుతురులోనూ సర్దుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా తనంతట తాను రెండుగా చీలి పెరుగుతుంది కనుక, సముద్రం నుంచి కాకుండా మరొకరి తొట్టిలో పుట్టినదాన్నే తెచ్చుకునే వీలుంది. మెరూన్, టొమాటో క్లౌన్‌ఫిష్‌లకు ఇది సహజమైన తోడే. ఒసెల్లారిస్‌కు సముద్రంలో ఇది ఇల్లు కాకపోయినా, తొట్టిలో చాలా చేపలు దీన్ని స్వీకరిస్తాయి. కొన్ని మొదటి రోజే చేరిపోతాయి, కొన్ని నెలల తరబడి దాని వైపే చూడవు, ఏదో ఒక పగడం ముక్కనో పంపు మూలనో పట్టుకుని అక్కడే ఉండిపోతాయి. చేపను బలవంతపెట్టే ఉపాయం లేదు.

ఇసుకలో పాదం పాతుకునే క్రిస్పా, డోరీన్సిస్ వంటి జాతులకు లోతైన ఇసుక పొర కావాలి, అది లేని తొట్టిలో అవి నిలకడగా ఉండలేవు. హాడ్డోని అనే తివాచీ ఎనిమోన్ దృఢమైనదే గాని, దాని జిగట ఎంత బలమైనదంటే తగిలిన చేపను పట్టి మింగేయగలదు, మన చేతికి తగిలినా మంట పుడుతుంది. ఇతర చేపలున్న చిన్న తొట్టిలో దానికి చోటు లేదు.

జాతి నిర్ణయించుకున్నాక, కొనే ముందు ఆ ఒక్క ఎనిమోన్‌ను దగ్గర నుంచి చూడాలి. నోరు బిగుతుగా ముడుచుకుని ఉండాలి. వదులుగా తెరుచుకుని, లోపలి పొర బయటికి వేలాడుతుంటే అది ప్రాణాపాయ స్థితిలో ఉన్నట్టే. పాదం దేనికో ఒకదానికి గట్టిగా అతుక్కుని ఉండాలి. తొందరపడి పీకినప్పుడు పాదం చిరిగిందేమో తప్పక చూడాలి, ఎందుకంటే ఆ గాయం నుంచి కోలుకోవడం దానికి కష్టం. తెల్లగా మెరిసే ఎనిమోన్‌ను చూసి మురిసిపోకూడదు. అది శైవలాలను పోగొట్టుకుని ఆకలితో పాలిపోయిన జీవి. నిమ్మపండు పసుపులోనో ముదురు గులాబీలోనో అసహజంగా నిగనిగలాడితే రంగు అద్దారేమోనని అనుమానించాలి. గోధుమ, ఆకుపచ్చ ఛాయలు కంటికి ఇంపుగా లేకపోవచ్చు గాని, అవే ఆరోగ్యానికి గుర్తులు.

తొట్టి సంగతికి వస్తే, కనీసం ఆరు నెలలు నిలకడగా నడిచిన తొట్టిలోనే ఎనిమోన్‌ను వేయాలి. 25 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, వెయ్యికి 35 భాగాల లవణీయత ఉండాలి, అమ్మోనియా జాడే ఉండకూడదు. ఈ అంకెల కంటే అవి రోజురోజుకూ మారకుండా ఉండటం ముఖ్యం. రాగి ఉన్న చేపల మందు ఎనిమోన్‌కు విషం. నీటి పంపుల నోళ్లకు స్పాంజి గానీ జాలీ గానీ ముందే బిగించాలి, ఎందుకంటే కొత్త ఎనిమోన్ తిరిగేది ఎక్కువగా రాత్రివేళ. తెల్లవారి చూసేసరికి పంపులో నలిగిన ముక్కలు, వాటి విషంతో చెడిన నీరు, ఊపిరాడక పైకి తేలే చేపలు కనబడిన ఇళ్లు తక్కువేమీ కావు.

ఇంతకూ తొట్టిలోని చేపకు ఎనిమోన్ అవసరమా అంటే, లేదు. దాన్ని వేటాడే శత్రువు అక్కడ లేదు, ఎనిమోన్ లేకుండానే అది ఏళ్ల తరబడి బతికి గుడ్లు పెడుతుంది. నష్టపోయేది ఎప్పుడూ ఎనిమోనే. 1828లో స్కాట్లండ్ తీరంలో జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త సేకరించిన ఒక మామూలు ఎనిమోన్, ఆయన పోయాక కూడా చేతులు మారుతూ, ఒక గాజు జాడీలో 1887 వరకు బతికింది. అంత ఆయుష్షు గల జాతిని కొన్ని వారాల ముచ్చట కోసం రాతి నుంచి పీకి తేవడం నాకు మింగుడుపడదు. తొట్టిలో పుట్టిన బబుల్ టిప్ విషయంలో ఆ బాధ లేదు. దానికి వారానికో పదిరోజులకో రొయ్య ముక్క ఒకటి, నోటి కంటే చిన్నది పెడితే చాలు, ఒక్కోసారి చేపే ఆ ముక్కను నోట కరుచుకుని వెళ్లి స్పర్శకాల మీద వదులుతుంది. బాగా స్థిరపడ్డ ఎనిమోన్ ఏదో ఒక రోజు అటూ ఇటూ సాగి, నడిమికి సన్నబడి, రెండు వైపులకూ నెమ్మదిగా పాకుతూ విడిపోతుంది. కొన్నాళ్లలో చీలిక గాయాలు మానిపోయి, రెండింటికీ గుండ్రని నోళ్లు ఏర్పడతాయి. అప్పుడు వాటిలో ఒకదాన్ని మరో తొట్టికి ఇవ్వవచ్చు.